దుర్బలతలో తప్పిన లంకసీమ

ఏడ్చే బిడ్డకే పాలు దొరుకుతాయని లోకంలో ఒక నమ్మకం ఉంది. తల్లులు దీన్ని పరీక్షించరు, వారికి తీరిక ఉండదు. బిడ్డలు పరీక్షించలేరు, వారికి ఆకలి ఆగదు. నదీతీర రాష్ట్ర ప్రభుత్వం మాత్రం ఏ పరీక్షా లేకుండానే దీన్ని చట్టం చేసింది.

ఆ చట్టానికి కారణం ఒక విదేశీ పండిత సంస్థ. అది దేశదేశాల పాలనలను తూకం వేసి, నదీతీర రాష్ట్రాన్ని 'దుర్బల రాష్ట్రం'గా ప్రకటించింది. మంత్రివర్గం మొదట సిగ్గుపడింది. దుర్బల రాష్ట్రాలకు సాయం చేయడానికి ధనిక దేశాలు పోటీ పడుతున్నాయని తెలిశాక సిగ్గు మాని ఊరేగింపు తీసింది. ప్రకటన ప్రతిని పూలమాలతో అలంకరించి ఏనుగు మీద పెట్టి రాజధాని వీధుల్లో తిప్పారు. దారిలో ఏనుగు బరువుకు ఒక కల్వర్టు కూలింది. దాన్ని కూడా అర్హతల్లో చేర్చారు.

వెనువెంటనే దుర్బల ప్రాంతాభ్యుదయ శాఖ ఏర్పడింది. దాని సూత్రం చాలా సరళమైనది. ఏ ప్రాంతం ఎంత చేతకానిదైతే దానికి అంత ఎక్కువ సౌకర్యాలు ఇవ్వాలి. చేతనైనవారికి సౌకర్యాలెందుకు? ప్రతి ప్రాంతానికీ నూటికి ఇన్నని దుర్బలతా మార్కులు వేస్తారు. అరవై దాటిన ప్రాంతమే ఏదైనా అడగవచ్చు.

అడగవలసిన అవసరం లంకసీమకు వచ్చింది. నది నడుమ ఉన్న లంకల సముదాయమే లంకసీమ. అక్కడ అరటి, కంద పండుతాయి. శ్రావణంలో మనిషెత్తు వరద వస్తుంది. ఎడమ గట్టున రాజధాని ఉంది. పెద్దాసుపత్రి నీళ్ల ట్యాంకు లంకలోని ప్రతి పెరట్లోంచీ కనిపిస్తుంది. ఆసుపత్రి కనిపించడమూ ఆసుపత్రికి చేరడమూ ఒకటి కాదని లంక ఆడవారందరికీ తెలుసు. రోగిని పడుకోబెట్టి నదిని దాటించడానికి పంటు ఒక్కటే ఉంది. ఆ బల్లపరుపు పడవను ఎగువ నుంచి వరద ఎర్రనీరు వచ్చినప్పుడు నమ్మడానికి లేదు.

పెద్దలంక సర్పంచి పెచ్చెట్టి సూరమ్మ మనవరాలు వనజ నిండు చూలాలు కావస్తున్నది. శ్రావణంలో పురుడు. సూరమ్మ లెక్క తేలిక. లంకకు ఒక డాక్టరు కావాలి, ఒక మోటారు పడవ కావాలి. ఈ రెండూ అడుగుతూ పెట్టుకున్న వినతి ఏమైందో కనుక్కోవడానికి ఆమె రాజధానికి వెళ్లింది.

శాఖ సంయుక్త సంచాలకులు పరాంకుశంగారు ఆమెను మర్యాదగా కూర్చోబెట్టారు.

"మీ వినతిని శాఖ సానుభూతిపూర్వకంగా, సమగ్రంగా, కూలంకషంగా పరిశీలించి తిరస్కరించిందమ్మా."

"ఏం తక్కువైందండీ?"

"తక్కువ కాకపోవడమే ఇబ్బంది. నిరుటి వరదలో మీ సీమలో ప్రాణనష్టం ఎంత?"

"ఎవరూ పోలేదండి."

"పశునష్టం?"

"ఓ మేకపోతండి. అదీ వరదకి పోలేదు. నీళ్లు తీశాక మేమే కోసుకున్నాం."

పరాంకుశంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అంటురోగాలు?"

"నీళ్లు కాచుకు తాగాం కదండీ."

"సహాయ సామగ్రి పంపిణీలో తొక్కిసలాట?"

"మీ సామగ్రి వస్తే కదండీ తొక్కుకోడానికి!"

"అదిగో!" అన్నారాయన బాధగా. "సాయం అందలేదు. అయినా మీరు బతికారు. ఇది విధానపరంగా సమర్థించరాని విషయం. ఎగువసీమను చూడండి. రెండు చినుకులకే చేతులెత్తేశారు. ఎంత స్పష్టత! మీకు నూటికి పదకొండు మార్కులు వచ్చాయి. మీ సీమలో కూలిపోగల సామర్థ్యం ఆశించిన స్థాయిలో వికసించలేదు."

"బాబూ, శ్రావణంలో మా పిల్లకి పురుడండి. ఏరు ఊరుకుంటాదా?"

"ఏరు మా శాఖ పరిధిలోకి రాదు." కాని ఆయన స్వతహాగా చెడ్డవాడు కాదు. గొంతు తగ్గించి అన్నారు: "ఒక మార్గముంది. ఆషాఢంలో నిజనిర్ధారణ సంఘం మీ సీమకు వస్తుంది. ఈలోగా మీరు చిత్తశుద్ధితో చితికిపోతే పునఃపరిశీలనకు ఆస్కారముంటుంది."

"చితికిపోడం మాకు అలవాటు లేదండి. ఎలాగో ఎవరైనా నేర్పుతారా?"

"అశక్తతా సామర్థ్యాభివృద్ధి శిక్షణ అని శాఖే ఏర్పాటు చేసింది. శిక్షకుణ్ని నియమించడం ఇంకా మా చేత కాలేదు. అది మాకు ఆదర్శప్రాయమైన ఆరంభమని పైవారు మెచ్చుకున్నారు."

సూరమ్మ పంటు ఎక్కి ఇల్లు చేరేలోగా ఆలోచించుకుంది. మార్కులు కావాలంటే చెడిపోవాలి. చెడిపోవడం ఒక పని. ఏ పనైనా లంకలో జరిగే పద్ధతి ఒక్కటే.

ఆ పద్ధతి పేరు వంతు. వరద వచ్చే నాటికి ఎవరి పడవలో ఎవరి ఇంటి ముసలివారు ఎక్కాలి, ఏ పేటవారు పశువులను మెరకకు తోలాలి, ఎవరు గంజి కాచాలి, ఎవరు డప్పు కొట్టాలి అన్నవన్నీ వంతుల ప్రకారం ముందే నిర్ణయమై ఉంటాయి. తాతల నాడు ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. వంతు తప్పినవాడిని ఎవరూ తిట్టరు, పెళ్లిలో ఆఖరి బంతిలో కూర్చోబెడతారు. అందువల్ల ఎవరూ తప్పరు.

రేవు దగ్గరి పాకలో పేటలన్నీ కూడాయి.

"చెడిపోవాలంట," అంది సూరమ్మ. "ఆషాఢం లోపల బాగా చెడిపోవాలి."

"అందరమానండీ?" అన్నాడు పంటు నడిపే సరంగు ఓలేటి పోతురాజు.

"అందరం ఒక్కసారే చెడితే చూసుకునేవాళ్లు ఎవర్రా? వంతులేసుకుందాం."

సభ తేలికపడింది. ఇంతవరకు అర్థం కానిది ఇప్పుడు అర్థమైంది. పడమటిపేటకు కొట్లాట వంతు వచ్చింది. తూర్పుపేటకు అంటురోగం, రేవుపేటకు దోపిడి. రవాణా స్తంభించిపోవడం పోతురాజుకు వచ్చింది. సంఘం దిగగానే పంటు చుక్కాని ఊడదీసి దాచాలి. దోచుకోవడానికి తన కిరాణా కొట్టు ఇస్తానని ధనరాజు ముందుకొచ్చాడు. అయితే ఉప్పు బస్తాలు తొక్కవద్దని, దోచినవి సాయంత్రానికి అరల్లో సర్దిపోవాలని కోరాడు. న్యాయమే అన్నారు.

కొట్లాటలో ఎవరిని ఎవరు కొట్టాలన్న చోట మాత్రం కాస్త చిక్కు వచ్చింది.

"నన్ను మా బావే కొట్టాలండి," అని పట్టుబట్టాడు పడమటిపేట వీర్రాజు. "బయటోళ్ల చేత తన్నులు తింటే పరువు పోద్ది."

"కొడతాను గానీ బావా, కుడి భుజం మీద కొట్టను. రేపు గెల నరకాలి నువ్వు," అన్నాడు బావ.

కర్రలకు పాత గుడ్డలు చుట్టారు. తగలబోయే దెబ్బల కోసం పసుపు నూరి సిద్ధం చేశారు. రోజూ పనులయ్యాక డప్పు కొట్టి అరాచకం అభ్యసించారు. మొదట్లో కొట్లాట ఒక మూల బాగున్నా మరో మూల నీరసంగా ఉండేది. సూరమ్మ దగ్గరుండి సరిచేసింది. ఆషాఢం వచ్చేసరికి ఏ లోపమూ లేదు. అదే ఆమెకు ఎక్కడో కొంచెం గుచ్చుకుంది. ఏం గుచ్చుకుందో తేల్చుకునేంత తీరిక మాత్రం దొరకలేదు. వనజ కాళ్లు వాస్తున్నాయి. ఎగువన వానలు మొదలయ్యాయి.

నిజనిర్ధారణ సంఘానికి అధ్యక్షులు వాగీశ్వరరావుగారు. అంతకుముందు పది సంఘాలకు అధ్యక్షత వహించి ఏదీ నిర్ధారించని అనుభవం ఆయనది. వెంట పరాంకుశంగారు, ఒక సభ్యుడు ఉన్నారు. ముగ్గురూ రేవులో దిగగానే పోతురాజు చుక్కాని ఊడదీసి, "స్తంభించిపోయిందండి, ఆయ్!" అని సలాము చేశాడు.

డప్పు మోగింది. కొట్లాట మొదలైంది.

వాగీశ్వరరావుగారు గడియారం చూసుకున్నారు. "పదింటికి అల్లర్లు జరగగలవని మనకు సమాచారం. సరిగ్గా పదింటికి జరుగుతున్నాయి. పరాంకుశంగారూ, మన రాష్ట్రంలో ఏ కార్యక్రమమైనా చెప్పిన వేళకు మొదలైన ఉదంతం ఉందా?"

"నా సర్వీసులో లేదండి," అన్నారు పరాంకుశంగారు దిగులుగా.

వీధి నడుమ రెండు వర్గాలు కలబడ్డాయి. "ఏవండోయ్ అబ్బులుగారూ, మీ బుర్ర పగలగొట్టేస్తానండీ!" "పగలగొట్టండి చూద్దాం! ఉండండుండండి, సీతాలు పిన్నిగారు వస్తన్నారు." మజ్జిగ కుండతో ముసలామె వీధి దాటేదాకా కర్రలు గాలిలో ఆగిపోయాయి. ఆమె అటు దాటి, "ఇక కానీయండి నాయనా," అంది. కర్రలు దిగాయి.

ధనరాజు కొట్టు ముందు దోపిడీదారులు వరుసలో ఉన్నారు. "ఒకళ్ల తరవాత ఒకళ్లు దోచుకోండమ్మా. ముసలోళ్లని ముందు పోనీయండి. చంటిబిడ్డల తల్లులు ఇటు," అని యజమాని స్వయంగా చూసుకుంటున్నాడు. ఒకామె కందిపప్పు దోచుకుని, పుచ్చు ఉందని తిరిగి ఇచ్చి, పెసరపప్పు దోచుకుంది.

తూర్పుపేటలో రోగులు చాపల మీద పడుకుని ఉన్నారు. మొదటి వరుస మూలిగింది. అది ఆగాక రెండవ వరుస మూలిగింది. మూడవ వరుసలో ఒకాయన తొందరపడి ముందే దగ్గాడు. పక్కవాడు మోచేత్తో పొడిచాడు.

"వ్యాధి కూడా క్రమం తప్పడం లేదు," అని సభ్యుడు విస్మయంగా రాసుకున్నాడు.

సూరమ్మ పరాంకుశంగారి పక్కకు చేరింది. "ఎన్ని మార్కులొచ్చాయండీ?"

"దిగుతున్నాయమ్మా."

"దిగడమేంటండీ! ఇంకేం చెయ్యాలి?"

"ఏమీ చేయకూడదమ్మా. మీకు అదొక్కటీ రావడం లేదు."

సూరమ్మ వీధి మధ్యకు పోయి, "ఒరేయ్, సరిగ్గా చెడిపోండ్రా! మీకు దణ్ణం పెడతాను!" అని అరిచింది. సర్పంచి కేక వినగానే లంక అంతా ఒళ్లు దగ్గర పెట్టుకుంది. కొట్లాట మరింత తీరుగా సాగింది. మూలుగులు శ్రుతిలో పడ్డాయి. దోపిడి వరుస ఇంకా నిటారుగా నిలిచింది.

ఆ సమయంలో మంత్రసాని ముత్యాలు పరుగెత్తుకొచ్చింది. "అత్తా! వనజకి ముందే నెప్పులొచ్చేశాయి. బిడ్డ అడ్డం తిరిగింది. నా వల్ల కాదు, ఒడ్డుకి దాటించాల."

ఏరు ఎర్రగా ఉంది. పొద్దున్న రేవు మెట్ల కింద ఉన్న నీరు ఇప్పుడు మెట్ల మీద ఉంది. పంటుకు చుక్కాని లేదు. సూరమ్మ ఒక్క క్షణం నీటికి అవతల ఆసుపత్రి ట్యాంకు వైపు చూసింది.  ఆమె ఏమీ చెప్పవలసిన అవసరం లేకపోయింది.

డప్పు మరో తీరుగా మోగింది. అంటురోగం చాపల మీంచి లేచి, చాపలు పడవలోకి చేర్చింది. కొట్లాట కర్రలు కట్టి డోలీ చేసింది. ఇందాక బావను కొడుతున్నవాడు, దెబ్బలు తింటున్నవాడు ఆ డోలీకి చెరో కొస పట్టారు. దోపిడి వరుస చేయి చేయి అందుకుని ధనరాజు అటక మీంచి చుక్కానిని రేవుకు చేర్చింది. పోతురాజు దాన్ని బిగించాడు. వడి లాగకుండా పంటుకు రెండు పక్కలా రెండు నావలు కట్టారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

"మేమేం చేయాలి?" అన్నారు వాగీశ్వరరావుగారు, ఒడ్డు చేరడానికి మరో దారి లేక పంటులో ఒక మూల ఇరుక్కుని.

"ఈ గొడుగు పట్టుకో బాబూ. పిల్ల మీద వాన పడకూడదు. కదలకు," అంది సూరమ్మ.

ఆయన పట్టుకున్నారు. నడి ఏట్లో పంటు పక్కకు ఒరిగి, అందరూ అరిచినప్పుడు కూడా కదలలేదు. వనజ చేతులు చల్లబడుతున్నాయి. సూరమ్మ వాటిని తన చేతుల మధ్య రుద్దుతూ కూర్చుంది. ఏ దేవుణ్నీ పిలవలేదు. పోతురాజునే పేరు పెట్టి పిలిచింది, "ఒరే పోతురాజా, ఒరే పోతురాజా," అని, గట్టు తగిలేదాకా.

గట్టున డప్పు కబురందుకుని పెద్దాసుపత్రి డాక్టరు నిరుపమ మెట్లు దిగి మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఉంది. ఆసుపత్రిలో స్ట్రెచర్ బయటికి పంపడానికి నాలుగు సంతకాలు కావాలి. మూడు దొరికాయి. లంకవారి డోలీనే లోపలికి మోశారు. సూరమ్మ వరండాలో కూర్చుంది. దీపాలు పెట్టే వేళకు డాక్టరు బయటికొచ్చింది.

"ఆడపిల్ల. తల్లీబిడ్డా బాగున్నారు. ఇంకొంచెం ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదు." డాక్టరు మెట్ల మీద కూలబడింది. "ఈ వరదలో అసలెలా తెచ్చారమ్మా? ఇక్కడ నాకు కాగిన నీళ్లు తెప్పించుకోవడానికి పూట పడుతుంది."

"వంతులండి," అంది సూరమ్మ. "మీకు లేవా?"

నిజనిర్ధారణ సంఘం చరిత్రలో తొలిసారిగా ఒక విషయాన్ని నిర్ధారించింది. లంకసీమకు నూటికి రుణ నాలుగు మార్కులు. 'అరాచకమును సైతము సమయపాలనతో, సర్వజన భాగస్వామ్యముతో, వృద్ధులకు ప్రాధాన్యమిచ్చుచు నిర్వహించిన ఈ ప్రాంతము దుర్బలతకు శాశ్వతముగా అనర్హము' అని వాగీశ్వరరావుగారు రాశారు.

అసలు చిక్కు అక్కడ మొదలైంది. లంకసీమ మార్కులు కలిపితే రాష్ట్రం మొత్తం సగటు పడిపోతున్నది. సగటు పడితే 'దుర్బల' హోదా పోతుంది. హోదా పోతే సాయం పోతుంది. మంత్రివర్గం అత్యవసరంగా సమావేశమై, 'పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా' లంకసీమను రాష్ట్రం నుంచి తొలగించింది. పొరుగు రాష్ట్రానికి ఇవ్వబోతే వారు పుచ్చుకోలేదు. వారు కూడా దుర్బలతకు దరఖాస్తు పెట్టుకుని ఉన్నారు.

పరాంకుశంగారు ఆ ఉత్తర్వును స్వయంగా తెచ్చారు.

"అయితే మేం ఇప్పుడు ఏ రాష్ట్రమండీ?" అంది సూరమ్మ, ముని మనవరాలిని ఒళ్లో ఊపుతూ.

"నీరమ్మా."

"నీరేంటండీ?"

"మ్యాపులో మీరున్న చోట నీలిరంగు వేశాం. రికార్డుల ప్రకారం అక్కడ ఏరు ప్రవహిస్తోంది."

"అయితే మేం మునిగిపోయామా?"

"విధానపరంగా."

"మరి మునిగిపోయినోళ్లకి సాయం ఇస్తారు కదండీ?"

పరాంకుశంగారు ఉత్తర్వును మరోసారి తిరగేశారు. "ఇస్తామమ్మా. కాని అక్కడ మనుషులున్నట్టు రికార్డులో ఉండాలి."

"భోంచేసి వెళ్లండి," అంది సూరమ్మ. ఆయన భోంచేసి వెళ్లారు.

శ్రావణం నడిమికి పెద్ద వరద వచ్చింది. రాజధాని ఏటిగట్టును రెండేళ్లుగా మరమ్మతు చేయలేదు. చేస్తే మార్కులు తగ్గుతాయని ఇంజినీర్లు హెచ్చరించి ఉన్నారు. గట్టు తెగింది. నీళ్లు సచివాలయం మొదటి అంతస్తు ఎక్కాయి. మంత్రులు మేడ మీద సమావేశమై, ఎవరు ముందు దిగాలో నిర్ణయించడానికి ఉపసంఘం వేశారు. ఉపసంఘం అధ్యక్షత తేలకముందే డప్పు చప్పుడు వినిపించింది. లంక పడవలు వంతుల ప్రకారం వచ్చాయి. ముసలివారిని, చంటిబిడ్డల తల్లులను, ఆసుపత్రిలోని రోగులను, వారి వెంట డాక్టరు నిరుపమను, ఆ తరవాత మంత్రివర్గాన్ని లంక మెరక మీదికి చేర్చారు. మెరక మీద అందరికీ వంతులు వేశారు. వాగీశ్వరరావుగారికి గొడుగులు పట్టే పని ఇచ్చారు, బాగా చేశారు. పరాంకుశంగారికి అంట్లు తోమే వంతు వచ్చింది. ఒకసారి ఎగ్గొట్టారు. మర్నాడు ఆఖరి బంతిలో కూర్చున్నారు.

వరద తీసింది. రాజధానివారు తిరిగి వెళ్లారు. ఆ ఏడు రాష్ట్రానికి దుర్బలతలో నూటికి తొంభై ఏడు మార్కులు వచ్చాయి. లంకసీమకు డాక్టరును మంజూరు చేయలేదు. మోటారు పడవను మంజూరు చేయలేదు.

డాక్టరు నిరుపమ తిరిగి వెళ్లలేదు. వెంటనే విధుల్లో చేరమని వైద్య శాఖ ఆమెకు వరుసగా ఉత్తర్వులు పంపింది. చిరునామా ఉన్న స్థలంలో నీరు ఉన్నదన్న కారణంతో తపాలా కార్యాలయం వాటిని తిప్పి పంపింది. ఆమె తూర్పుపేటలో ఉంటుంది. కాన్పులు ఆమె వంతు.